సీఎస్‌ఆర్ డబ్బు: కంపెనీయే ఖర్చు పెట్టాలా, స్వచ్ఛంద సంస్థకు ఇవ్వాలా?

కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. దీన్నే సీఎస్‌ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) అంటారు. చుట్టుపక్కల ఊళ్లకే మొదటి ప్రాధాన్యం.

సొంతంగా చేస్తే పని త్వరగా కనబడుతుంది. ఊరి హైస్కూలుకు పది కంప్యూటర్లు కొనాలంటే కొటేషన్లు, బిల్లులు అన్నీ కంపెనీ చేతిలోనే ఉంటాయి. చిక్కంతా తర్వాతే. యూపీఎస్ బ్యాటరీలు పాడవుతాయి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలదు, నేర్పే మనిషి ఉండడు. చివరికి గదికి తాళం పడుతుంది. పిల్లలు కిటికీలోంచి చూసి వెళ్లిపోతారు. అందుకే కొన్న రోజే మూడేళ్ల మరమ్మతులు, బోధకుడి జీతం బడ్జెట్‌లో రాసుకోవాలి.

స్వచ్ఛంద సంస్థకైతే ఊళ్లోనే మనుషులుంటారు. బడి మానేసిన కుర్రాడి ఇంటికి నాలుగుసార్లు వెళ్లి, వాళ్లమ్మను ఒప్పించి వెనక్కి తేవడం ఆఫీసు ఉద్యోగుల వల్ల అయ్యే పని కాదు. సంస్థకు సీఎస్‌ఆర్-1 నమోదు (సీఎస్‌ఆర్ పనులు చేపట్టేందుకు కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర నమోదు), ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ), మూడేళ్ల అనుభవం ఉన్నాయో లేదో ముందే చూడాలి. డబ్బు విడతలుగా ఇచ్చి, ఖర్చు లెక్క అందాకే తర్వాతి విడత విడుదల చేయాలి. మార్చి నెలాఖరు హడావిడిలో మొత్తం ఇచ్చేయడమే పెద్ద పొరపాటు. కొనసాగే ప్రాజెక్టుకైతే మిగిలిన సొమ్మును ఏప్రిల్ 30లోగా ప్రత్యేక ఖాతాలో వేసి, మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడుకోవచ్చు.

గదులు, నీళ్ల ట్యాంకులు, సామాను అయితే సొంతంగా చేయండి. యువతకు శిక్షణ, ఆటలు, బడి మానేసిన పిల్లల పని మాత్రం సంస్థకే అప్పగించండి.