నర్సమ్మలకు గుడ్డ టోపీ: ఎలాస్టిక్‌ మేలా, బొందు మేలా?

గోదావరి జిల్లాల్లో కుట్టు మిషను ఉన్న ఇళ్ళకు లోటు లేదు. దగ్గర్లోని పీహెచ్‌సీ నర్సులకో, కాన్పుల వార్డు ఆయాలకో టోపీలు కుట్టి ఇద్దామనుకునేవాళ్ళు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. చుట్టూ ఎలాస్టిక్‌ వేసిన గుండ్రటి టోపీ కుట్టాలా, వెనక బొందు లాగి కట్టుకునేది కుట్టాలా? నా ఓటు బొందు టోపీకే.

ఎలాస్టిక్‌ది కుట్టడం తేలిక, అది ఒప్పుకోవాల్సిందే. 21 అంగుళాల గుండ్రం కత్తిరించి, అంచు మడిచి కుట్టి, పావు అంగుళం ఎలాస్టిక్‌ ఎక్కిస్తే టోపీ అయిపోతుంది. 44 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డ మీటరుంపావు తీసుకుంటే నాలుగు వస్తాయి. కుట్టు కొత్తగా నేర్చుకుంటున్న అమ్మాయి కూడా కుట్టేయగలదు.

చిక్కంతా ఉతుకుల్లో వస్తుంది. ఆసుపత్రి బట్టల్ని 71 డిగ్రీల వేడినీళ్ళలో 25 నిమిషాలు ఉతకాలన్నది పాటించే లెక్క. పైగా బ్లీచింగ్‌ ఉంటుంది. నూలు వీటన్నిటికీ తట్టుకుంటుంది, ఎలాస్టిక్‌ తట్టుకోదు. సాగిన టోపీ డ్యూటీ మధ్యలో నుదుటి మీదికి జారితే, సర్దుకోవడానికి చెయ్యి తల మీదికి పోతుంది. ఆ చేతికి అప్పటికే ఏం అంటుకుని ఉందో! జారకూడదని ఎలాస్టిక్‌ బిగించి కుడితే నుదుటి మీద గాడి పడుతుంది, తలనొప్పి వస్తుంది. ఒక్క కొలత అందరికీ సరిపోదు కదా.

బొందు టోపీలో ఎవరి తలకు తగ్గట్టు వాళ్ళు లాగి కట్టుకుంటారు. మన ఆడవాళ్ళ ఒత్తైన జడలకు ఇదే సరి. కొప్పు చుట్టి వెనక సంచీలోకి తోసేస్తే ఒక్క వెంట్రుక బయటికి రాదు. కుట్టే పద్ధతి చెప్తాను. 16 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు గుడ్డను నిలువునా రెండుగా మడిస్తే నుదుటి పట్టీ అవుతుంది. వెనక సంచీకి 20 అంగుళాల గుండ్రం కావాలి. గుండ్రం అంచులో మూడింట రెండు వంతులు సన్న కుచ్చులు పెట్టి పట్టీకి కలపాలి. మిగతా అంచును మెడ దగ్గర గొట్టంలా మడిచి కుట్టి, లంగాకి ఎక్కించినట్టే పిన్నీసుతో బొందు ఎక్కించాలి. బొందు కూడా అదే గుడ్డతో కుడితే టోపీ ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. కుచ్చులు సమంగా రావడానికి కాస్త ఓపిక పట్టాలి, అంతే.

పట్టీకి రెండు చెవుల పైన చెరొక పెద్ద గుండీ కుట్టండి. మాస్కు తాళ్ళు వాటికి తగిలిస్తే చెవుల వెనక ఒరుసుకుపోవు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఊరూరా నర్సులు పడిన బాధ అదే. గుండీ కింద లోపలివైపు చిన్న గుడ్డ ముక్క వేయకపోతే నాలుగు ఉతుకులకే అక్కడ చిరుగుతుంది.

గుడ్డ విషయంలో నాకు రెండో మాట లేదు, అసలు నూలే. టెరికాటన్‌ త్వరగా ఆరుతుంది, నలగదు. కానీ మన తీరం ఉక్కలో చెమట పీల్చని గుడ్డ తల మీద ఎనిమిది గంటలు ఉంచుకోవడం నరకం. రాజమండ్రి తాడితోటలో దొరికే పాప్లిన్‌, కేంబ్రిక్‌ బాగుంటాయి. జాకెట్లకు వాడే టూ బై టూ కూడా సరిపోతుంది. బండార్లంక నూలు చీర పాతబడితే మహా మెత్తన, కానీ నేత పలచబడి ఉంటుంది, నుదుటి పట్టీ లోపలి పొరకు వాడుకోండి. ఏ గుడ్డయినా కత్తిరించే ముందు వేడినీళ్ళలో ఒకసారి తడిపి ఆరేయాలి, నూలు ముడుచుకుంటుంది. సంచీ భాగం ఒంటి పొరే ఉంచండి. రెండు పొరలు వేస్తే శ్రావణంలో ముసురు పట్టినప్పుడు ఆరదు.

నర్సాపురం వైపు లేసు అల్లేవాళ్ళకు అంచుకి ఒక వరస వేయాలనిపిస్తుంది. వద్దు. లేసు కన్నాల్లో మురికి నిలుస్తుంది, చెవి పోగులకు తగులుకుంటుంది.

వాడి పారేసే టోపీలుండగా ఇవెందుకని అడుగుతారు. 2017లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, పారేసే గుండ్రటి టోపీల కన్నా గుడ్డ టోపీల నుంచే గాలిలోకి తక్కువ రేణువులు జారాయని తేలింది. అయితే ఆపరేషన్‌ థియేటర్‌కి ఇచ్చేముందు అక్కడి హెడ్‌ నర్సును అడగండి, ఒక్కోచోట ఒక్కో నియమం. థియేటర్‌లో వాడేవి ఇంటికి తీసుకెళ్ళి కాకుండా ఆసుపత్రి లాండ్రీలోనే ఉతికించాలి.

ఎలాస్టిక్‌ది పూర్తిగా పనికిరాదని కాదు. గంటకోసారి తీసి పెట్టుకునే ఆయాలకు, వార్డు బాయ్‌లకు అదే వీలు. వాళ్ళకి కుట్టేటప్పుడు ఎలాస్టిక్‌ దూర్చిన చోట చిన్న సందు వదిలేస్తే, సాగిపోయాక కొత్తది మార్చుకోవచ్చు. ఏది కుట్టినా మనిషికి మూడు ఇవ్వండి: తల మీద ఒకటి, ఉతుకులో ఒకటి, బీరువాలో ఒకటి. వానాకాలంలో ఇస్తుంటే నాలుగు.