విడివిడిగా లెక్క రాసిచ్చే టెంట్ హౌస్

మా ఊరు అమలాపురానికి దగ్గర్లోనే. మా అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. 2024 ఆగస్టులో బడుల్లో కమిటీ ఎన్నికలు పెట్టినప్పుడు తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల చొప్పున ఎన్నుకున్నారు, వాళ్ళలో కనీసం ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలన్నారు. అలా నేనూ కమిటీలోకి వచ్చాను. ఇంట్లో టైలరింగ్ చేస్తాను కాబట్టి కొలతలూ లెక్కలూ నాకు అలవాటే. అందుకే బడి కార్యక్రమాలకి సామాను మాట్లాడే పని నాకు అప్పజెప్పారు. బడి పిల్లల కోసం డబ్బు పోగెయ్యడానికి ఈ డిసెంబరులో మేం పెట్టిన తినుబండారాల సంతకి బస్టాండు వెనకాల ఉన్న టెంట్ హౌస్ నుంచి సామాను తెచ్చాం. వేరే బళ్ళ కమిటీలకి పనికొస్తుందని ఆ అనుభవం రాస్తున్నాను.

ముందు డబ్బు ఎందుకో చెప్పాలి. పదో తరగతి పిల్లలకి సాయంత్రం ఆరు దాకా స్టడీ అవర్స్ ఉంటాయి. మధ్యాహ్నం బడిలో తిన్న అన్నమే, మళ్ళీ ఇంటికెళ్ళి తినేసరికి ఏడు దాటుతుంది. సైకిల్ మీద మూడు నాలుగు కిలోమీటర్లు తొక్కే ఆడపిల్లలు ఉన్నారు. ఒక పాప స్టడీ అవర్‌లో కళ్ళు తిరిగి పడిపోయిందని లెక్కల మాస్టారు చెప్పినప్పుడు మీటింగులో ఎవరికీ నోట మాట రాలేదు. పిల్లల సంఖ్య 251 నుంచి 1000 మధ్య ఉంటే బడికి ఏడాదికి 75,000 రూపాయల గ్రాంటు వస్తుంది. కానీ అది కరెంటు బిల్లు, రిపేర్లు, చాక్‌పీసులు, పారిశుద్ధ్యం లాంటి వాటికి. సాయంత్రం గుగ్గిళ్ళు మేమే చూసుకోవాలి.

సంత ఎప్పుడు పెట్టాలన్న దాని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. జనవరి అంటే సంక్రాంతి, ప్రభల తీర్థాలు. కోనసీమలో ఆ రోజుల్లో షామియానా గుడ్డ ముక్క కూడా దొరకదు. ధనుర్మాసం పెట్టాక పెళ్ళిళ్ళు ఉండవు, కుర్చీలు గోడౌన్లో ఖాళీగా పడి ఉంటాయి. అందుకని డిసెంబరు 20, మూడో శనివారం అనుకున్నాం. మూడో శనివారం ఎలాగూ స్వచ్ఛ ఆంధ్ర కార్యక్రమం ఉంటుంది కాబట్టి గ్రౌండు పొద్దున్నే శుభ్రమైపోయింది. ముహూర్తాల్లో పది రూపాయలు అడిగే కుర్చీ మాకు ఆరుకి వచ్చింది. బడి కమిటీలకి నేను చెప్పే మొదటి మాట ఇదే: తేదీ పెట్టుకునే ముందు పంచాంగం చూసుకోండి.

ఇప్పుడు టెంట్ హౌస్ సంగతి. అడ్వాన్స్ ఇవ్వడానికి నేనూ మా చైర్మన్ గారూ వెళ్ళాం. ఓనరు పెద్దాయన, అందరూ బాబాయిగారంటారు. ఆయన మొదట ధర చెప్పలేదు. "ఎన్ని స్టాళ్ళమ్మా? పొయ్యి మీద వండేవి ఎన్ని, ఇంటి దగ్గర చేసుకొచ్చేవి ఎన్ని?" అని అడిగారు. మేం ఆరు పొయ్యిలు అడిగితే, గారెలకి ఒకటి, బూరెలకి ఒకటి, బజ్జీలకి ఒకటి, టీకి ఒకటి, నాలుగు చాలన్నారు. పొట్టిక్కలు ఇంటి దగ్గరే ఆవిరి పట్టి తెస్తామని, పూతరేకులు, కొబ్బరి లౌజు ముందు రోజే అయిపోతాయని, తేగలూ చిలగడదుంపలూ ఉడకబెట్టి తెచ్చేస్తారని చెప్పాక ఆయన లెక్కే సరైనదని మాకూ అర్థమైంది. సామాను ఎక్కువ అంటగట్టే అవకాశం ఉండి కూడా తగ్గించి రాసిన మనిషి ఆయన.

తర్వాత చీటీ రాసిచ్చారు. 150 కుర్చీలు 900, గుడ్డలతో సహా 14 టేబుళ్ళు 700, మూడు షామియానాలు 1,800, నాలుగు పొయ్యిలు 400, మూకుళ్ళు, గుండిగలు, గరిటెలు, బేసిన్లు అన్నీ కలిపి 750, మైక్ సెట్టు 1,500, ట్రాలీ ఆటో రానూపోనూ 600. మొత్తం 6,650. వంట సామాను కింద ఏది ఎన్ని ఇచ్చారో విడిగా ఇంకో కాగితం.

ఆ చీటీ చేతికి వచ్చినప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పాలంటే కిందటేడు సంగతి చెప్పాలి. అప్పుడు వేరే చోట సామాను తెచ్చాం. అంతా కలిపి గుండుగుత్తగా 9,000 అన్నారు, చీటీ మీదా అంతే రాశారు. మీటింగులో ఒక తండ్రి లేచి "కుర్చీకి ఎంతేశారు, టెంటుకి ఎంతేశారు?" అని అడిగారు. అడగడంలో తప్పేం లేదు, ఆయన ఇంట్లోంచి అయిదు కేజీల మినప్పప్పు ఇచ్చారు. మా దగ్గర జవాబు లేదు. లెక్కలు రాసిన ఆవిడ రూపాయి కూడా ముట్టుకోని మనిషి, ఆ రోజు ఏడ్చుకుంటూ ఇంటికి వెళ్ళింది. తర్వాత మూడు నెలలు మీటింగుకి రాలేదు. పిల్లల పేరు చెప్పి వసూలు చేసిన డబ్బులో పది రూపాయలకి లెక్క చెప్పలేకపోయినా మనుషులు దూరమైపోతారు. అందుకే ఈసారి రెండు షరతులు పెట్టుకున్నాం. సామాను ఎవరి దగ్గర తెచ్చినా విడివిడిగా రాసివ్వాలి. కూపన్లు ఒక్క కౌంటర్లోనే, నగదుకే అమ్మాలి, ఎవరి సొంత ఫోన్‌పేకీ డబ్బు వెళ్ళకూడదు.

సంత రోజు ఉదయం ఎనిమిదింటికి రావాల్సిన బండి తొమ్మిదింబావుకి వచ్చింది. ఆ గంటంబావు మేం పడిన టెన్షన్ మామూలుది కాదు. పిండి రుబ్బుకుని వచ్చిన వాళ్ళు పొయ్యి లేక గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. బండి వచ్చాక మాత్రం కుర్రాళ్ళు ముగ్గురూ నలభై నిమిషాల్లో షామియానాలు వేసేశారు, తాళ్ళు చెట్లకి కాకుండా మేకులు కొట్టి కట్టారు. దించేటప్పుడే ఒక్కో వస్తువూ మా చేత లెక్కపెట్టించారు. "దించేటప్పుడు చూసుకోండి మేడమ్, ఎత్తేటప్పుడు చూసుకుంటే గొడవలొస్తాయి" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. బడిలో పనులు చేసే అందరం నేర్చుకోవాల్సిన మాట అది.

కుర్చీలు బాగున్నాయి. కాళ్ళు వంగిపోయేవి, చేతులు విరిగినవి ఒక్కటీ లేవు. టేబుల్ గుడ్డలు ఉతికినవే ఇచ్చారు. ఒక షామియానాకి మాత్రం రెండు చోట్ల చిరుగులు ఉన్నాయి, మధ్యాహ్నం ఎండ సరిగ్గా తేగల స్టాలు మీద పడింది. బూరెల మూకుడు పాత నూనె జిడ్డుతో వచ్చింది. ఇద్దరు తల్లులు చింతపండూ బూడిదా వేసి అరగంట తోమాల్సి వచ్చింది. పిల్లలు తినేవి వండే పాత్రలు అలా పంపడం నాకు నచ్చలేదు, బాబాయిగారికి ఆ మాట ముఖం మీదే చెప్పాను. ఇక మైకు ఒకటే గరగర. పిల్లలు పాడిన పాటల్లో సగం ఎవరికీ వినబడలేదు. ఎనిమిదో తరగతి పాప ఒకతె నెల రోజులు నేర్చుకున్న జావళి అలా పోయింది. ఆ పాప ముఖం నాకింకా గుర్తుంది.

సాయంత్రం లెక్క చూస్తే ఒక స్టీలు బేసిను తగ్గింది. ముందే అనుకున్నట్టు దానికి 180 కట్టాం. మైకు సంగతి చెబితే ఆయన వాదించకుండా 500 తగ్గించి, చీటీ మీద కొట్టేసి, పక్కన సంతకం పెట్టి ఇచ్చారు. అంటే బాడుగ 6,150. రెండు రోజుల తర్వాత ఆ బేసిను పూతరేకులు తెచ్చిన ఆవిడ ఇంట్లో కనబడింది, వాళ్ళ సామానుతో కలిసిపోయింది. తీసుకెళ్ళి ఇస్తే ఆ 180 అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేశారు.

సంతలో కూపన్ల మీద 46,380 వచ్చింది. కొన్న సరుకులకి 11,240, కూపన్లు అచ్చు వేయించడానికి 850, టెంట్ హౌస్‌కి 6,150 పోగా 28,140 మిగిలింది. పదో తరగతిలో 62 మంది ఉన్నారు. తలకి ఏడు రూపాయలు వేసుకుంటే రోజుకి 434. అంటే పరీక్షల దాకా 64 రోజులకి సరిపోతాయి. ఒక రోజు శనగలు, ఒక రోజు బొబ్బర్లు, ఒక రోజు పల్లీలు, అరటిపండు. టెంట్ హౌస్ చీటీ, సరుకుల బిల్లులు, కూపన్ల లెక్క అన్నీ కలిపి నోటీసు బోర్డులో పెట్టాం. కిందటేడు ప్రశ్న అడిగిన ఆయనే నిలబడి మొత్తం చదివి, జనవరి నుంచి వారానికొకసారి గెల అరటిపండ్లు తానే ఇస్తానన్నారు. కిందటేడు ఏడ్చి వెళ్ళిపోయిన ఆవిడ మళ్ళీ లెక్కల పుస్తకం తీసుకుంది.

టెంట్ హౌస్‌కి అయిదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక్కటీ ఆలస్యానికీ మూకుడికీ. ఫిబ్రవరిలో బడి వార్షికోత్సవానికి అక్కడే 500 అడ్వాన్స్ ఇచ్చి వచ్చాం. బండి ఏడింటికే రావాలని, వంట పాత్రలు ముందు రోజే మేం చూసి ఎంచుకుంటామని చీటీ మీద రాయించాం. మైకు మాత్రం వేరే చోట మాట్లాడుతున్నాం. ఆ పాప ఈసారి మొదట్లోనే పాడుతుంది.