మేడ మీద 3 కిలోవాట్ల సోలార్: ప్యానెళ్ల పేరు కంటే పనితనం చూడండి

హైదరాబాద్ తూర్పు శివార్లలో, ఘట్‌కేసర్ వైపు ఉన్న మా కాలనీలో సొంత ఇళ్ల మేడల మీద సోలార్ ప్యానెళ్లు ఇప్పుడు వింత కాదు. మా ఇంటి మీద 3 కిలోవాట్ల ఏర్పాటు చేయించుకుని, దాన్ని ఎండలోనూ వానలోనూ చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: డబ్బు పెట్టదగిన వస్తువే, సందేహం లేదు. అయితే ప్యానెళ్లు ఏ కంపెనీవన్న ప్రశ్న మీద మనం చూపే శ్రద్ధలో సగమైనా, వాటిని స్లాబుకు బిగించి, వైర్లు లాగి, ఎర్తింగ్ వేసి, నెట్ మీటర్ (మనం వాడిన కరెంటునూ, బయటికి పంపిన కరెంటునూ విడిగా లెక్కించే మీటర్) దాకా తీసుకువచ్చే ఏజెన్సీ పనితనం మీద చూపాలి. కేంద్ర రాయితీ కావాలంటే దేశంలోనే తయారైన సెల్స్‌తో (ఎండను కరెంటుగా మార్చే పలకలతో) చేసిన ప్యానెళ్లు వాడాలన్న నియమం ఉంది. ఆ నియమానికి లోబడిన పేరున్న కంపెనీల ప్యానెళ్ల మధ్య తేడా ఇంటి బిల్లులో పెద్దగా కనిపించదు కానీ, పనితనంలోని తేడా మొదటి వానాకాలానికే బయటపడుతుంది.

ముందు ఖర్చు సంగతి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000 రూపాయలు రాయితీగా వస్తాయి. 3 కిలోవాట్లయినా అంతకు మించినా గరిష్ఠ రాయితీ 78,000 రూపాయలే. మార్కెట్లో 3 కిలోవాట్ల ఏర్పాటుకు దాదాపు రెండు లక్షలు అవుతుంది కాబట్టి, రాయితీ పోగా చేతి నుంచి పడేది లక్షా పాతిక వేల దరిదాపుల్లో ఉంటుంది. మన ప్రాంతపు ఎండకు ఒక కిలోవాట్ ప్యానెళ్లు సగటున రోజుకు నాలుగు యూనిట్ల వరకు ఇస్తాయి; ఆ లెక్కన 3 కిలోవాట్లకు నెలకు 300 యూనిట్లు దాటి వస్తాయి. తెలంగాణ టారిఫ్‌లో 300 దాటిన ప్రతి యూనిట్‌కూ 9 రూపాయలు లేదా అంతకు మించి కట్టే కుటుంబానికి ఈ పెట్టుబడి నాలుగైదేళ్లలో తిరిగి వస్తుంది. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచిత విద్యుత్ అందుకుంటున్న ఇంటికి మాత్రం నేను దీన్ని సిఫార్సు చేయను. సున్నా బిల్లు వస్తున్న చోట సోలార్ ఆదా చేసేదేమీ ఉండదు.

శివార్లలో కొత్తగా ఇల్లు కొన్నవారు దరఖాస్తుకు ముందే చూసుకోవలసిన విషయం ఒకటుంది. చాలా ఇళ్ల కరెంటు కనెక్షన్ ఇంకా బిల్డర్ పేరు మీదనే ఉంటుంది. బిల్లు మీది పేరూ, దరఖాస్తుదారు పేరూ, బ్యాంకు ఖాతా పేరూ కలవకపోతే రాయితీ దగ్గర దరఖాస్తు ఆగిపోతుంది కాబట్టి, పేరు మార్పిడి అయ్యాకే ఏజెన్సీకి అడ్వాన్సు ఇవ్వడం మంచిది. 10 కిలోవాట్ల లోపు ఏర్పాటుకు సాంకేతిక సాధ్యతా పరిశీలన అక్కరలేదని 2024లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించిన తరువాత కాగితాల పని బాగా తేలికైంది.

ఇక మేడ మీది పని. మంచి ఏజెన్సీ మనిషి ధర చెప్పే ముందు మేడ ఎక్కి నీడ చూస్తాడు. హైదరాబాద్ దగ్గర డిసెంబరు నెలాఖరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కనుక, దక్షిణాన ఉన్న ఆరడుగుల వాటర్ ట్యాంకు ఆ వేళకు అయిదడుగులకు పైగా నీడ పరుస్తుంది. ఉదయం, సాయంత్రం అది ఇంకా సాగుతుంది. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చే పెట్టె ఇన్వర్టర్; ప్యానెళ్లన్నీ ఒకే వరుసగా కలిపి ఉండే మామూలు ఇన్వర్టర్‌లో, ఒక ప్యానెల్ మీద పడిన నీడ ఆ ఒక్కదాని ఉత్పత్తినే కాక మొత్తం వరుసను దెబ్బతీయగలదు. మెట్ల గది, ట్యాంకు, పక్కింటి కొబ్బరి చెట్టు మాత్రమే కాదు, దక్షిణం వైపు ప్లాటు ఖాళీగా ఉంటే అక్కడ రేపు లేవబోయే అంతస్తులను కూడా ఇప్పుడే లెక్కలోకి తీసుకోవాలి. ఈ విషయంలో మా ఏజెన్సీ శ్రద్ధగానే పనిచేసింది. ట్యాంకుకు దూరంగా ఉత్తరం వైపు ప్యానెళ్లను జరిపి, దక్షిణ ముఖంగా తగిన వాలు ఇచ్చింది.

ప్యానెళ్లను మోసే ఇనుప స్ట్రక్చర్‌ను మనిషి నిలబడేంత ఎత్తులో వేయించుకోవడానికి కొంత అదనంగా ఖర్చయింది కానీ, ఆ ఖర్చు సార్థకమేనని నేను గట్టిగా చెబుతాను. ప్యానెళ్ల కింద బట్టలు ఆరేసుకోవచ్చు, వాటికి అవతల వడియాలూ మిరపకాయలూ ఎండబెట్టుకోవచ్చు, అన్నిటికీ మించి ఆ నీడ పడిన మేరకు కింది గది వేసవిలో కొంత చల్లబడుతుంది. అయితే ఎత్తు పెరిగిన కొద్దీ ఈదురుగాలి తాకిడి పెరుగుతుంది కాబట్టి, కాళ్లను ఎలా బిగిస్తున్నారో దగ్గరుండి చూడాలి. స్లాబుకు నేరుగా రంధ్రాలు చేసి బోల్టులు దిగ్గొట్టి వెళ్లిపోయిన ఇళ్లలో వానకు చెమ్మ దిగడం మా కాలనీలోనే చూశాను. కాంక్రీటు దిమ్మెలు పోసి, వాటి చుట్టూ నీరు దిగకుండా వాటర్‌ప్రూఫింగ్ చేసినచోట ఆ బాధ లేదు. ఇనుము జింకు పూతతో గాల్వనైజ్ చేసినదై ఉండాలి, కోసిన చోట్ల, వెల్డింగ్ చేసిన చోట్ల తిరిగి పూత వేయాలి. అక్కడ రంగు మాత్రమే పూస్తే తుప్పు పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు.

నాకు అసంతృప్తి మిగిల్చింది ఎర్తింగ్. ప్యానెళ్ల వైపు డీసీకి, ఇంటి వైపు ఏసీకి, పిడుగు నిరోధకానికి వేర్వేరుగా మూడు గుంతలు ఉండాలి. ఒప్పందంలో మూడూ రాసి ఉన్నా, మా ఏజెన్సీ మొదట ఒక్క గుంత తవ్వి అన్నిటినీ దానికే కలిపింది. గట్టిగా అడిగిన తరువాతే మిగతా రెండూ వేసింది. పిడుగు శక్తిని భూమిలోకి దింపవలసిన తీగను ఇన్వర్టర్ ఎర్త్‌తో ఒకే గుంతలో కలపడం చిన్న లోపం కాదు. ఇంటివారికి తెలియకపోతే ఇలాంటి పని అలాగే మిగిలిపోతుంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఉత్పత్తి విషయానికి వస్తే, మే నెల మండుటెండల్లోనే కరెంటు అన్ని నెలల కంటే ఎక్కువగా వస్తుందని అనుకునేవారు ఆశ్చర్యపోతారు. ప్యానెళ్ల సామర్థ్యాన్ని 25 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద కొలుస్తారు. ఆ పైన పెరిగే ఒక్కో డిగ్రీకీ సుమారు 0.3 నుంచి 0.4 శాతం వరకు ఉత్పత్తి తగ్గుతుంది. వేసవి మధ్యాహ్నం సెల్స్ 60 డిగ్రీలు దాటినప్పుడు పదో వంతుకు పైగా నష్టపోతాం. ఆకాశం నిర్మలంగా ఉండి వేడి ఇంకా ముదరని ఫిబ్రవరి, మార్చి నెలలే మా ఇంట్లో మంచి దిగుబడి ఇచ్చాయి. మబ్బు పట్టే జులై, ఆగస్టు నెలలు బాగా తగ్గాయి. నెట్ మీటర్ వల్ల మిగిలిన యూనిట్లు తరువాతి బిల్లులోకి జమ అవుతాయి కనుక ఈ హెచ్చుతగ్గులతో ఇబ్బంది లేదు.

కరెంటు పోయినప్పుడు ఇది పనిచేయదన్న సంగతి అమ్మేవారు ముందుగా చెప్పాలి, చాలామంది చెప్పరు. లైన్ మీద పనిచేసే సిబ్బందికి ప్రమాదం కలగకుండా, గ్రిడ్ ఆగిన వెంటనే ఇన్వర్టర్ కూడా ఆగిపోయేలా చేసిన ఏర్పాటు అది. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ వేరే ఉంటుంది, ధర కూడా వేరే. మా కాలనీలో కోతలు తక్కువ కాబట్టి దాని జోలికి పోలేదు.

శుభ్రతకు పెద్ద శ్రమ లేదు, కానీ బోరు నీళ్లు వాడకండి. మన శివార్ల బోరు నీటిలోని లవణాలు ఆరిన తరువాత గాజు మీద తెల్లని పొరగా మిగిలి, క్రమంగా వెలుతురును అడ్డుకుంటాయి. మంచినీటి పంపు నీళ్లతో, మెత్తని బ్రష్షుతో, గాజు ఇంకా వేడెక్కని తెల్లవారుజామున కడగడం సరైన పద్ధతి.

చివరి వాయిదా సొమ్మును నెట్ మీటర్ బిగించేదాకా ఆపి ఉంచండి. ఆ మీటర్ రాకముందే సిస్టమ్ ఆన్ చేద్దామని ఏజెన్సీ అంటే ఒప్పుకోవద్దు. ఇళ్లలో ముందునుంచీ ఉన్న మీటర్లలో చాలావరకు బయటికి పంపిన కరెంటును కూడా వాడుకున్నట్టుగానే లెక్కవేస్తాయి. పథకం ప్రకారం ఏజెన్సీ అయిదేళ్లు ఉచితంగా నిర్వహణ చూడాలి. మాకు పనిచేసిన వారు ఫోను ఎత్తుతారు, మనిషిని పంపడానికి మాత్రం పలుమార్లు గుర్తు చేయాల్సి వస్తోంది. అందుకే ఏజెన్సీని ఎంచుకునే ముందు, వారు రెండు మూడేళ్ల కిందట పనిచేసిన ఇళ్లకు వెళ్లి, ఫిర్యాదు చేస్తే ఎన్నాళ్లకు వచ్చారో అడిగి తెలుసుకోండి.