ఆటిజం ఉన్న మావాడి బేకింగ్ క్లాసు: నచ్చినవి, నచ్చనివి

మావాడికి పంతొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది, మాటలు తక్కువ. బేకింగ్ ద్వారా సొంత పనులు నేర్పే క్లాసుకు చాలాకాలంగా పంపిస్తున్నాం. "కేకు చేయడం వచ్చేసిందా?" అని అడుగుతుంటారు. కుకీలు బాగా చేస్తాడు, కేకు మాత్రం పక్కన మనిషి ఉంటేనే. నేను ఆ క్లాసుకు మార్కులు వేసేది వాడు ఆగడం నేర్చుకున్నందుకు.

ఇదివరకు "కాసేపాగు" అంటే చాలు, ఇల్లు పీకి పందిరేసేవాడు. కాసేపంటే ఎంతో వాడికెలా తెలుస్తుంది? క్లాసులో ఎర్ర రంగు తరిగిపోతూ కనిపించే టైమర్ పెడతారు. 180 డిగ్రీల ఓవెన్‌లో 12 నిమిషాలు, ఎరుపంతా పోయేదాకా తలుపు తీయకూడదు. ఇప్పుడు అదే టైమర్ బాత్‌రూమ్ దగ్గరా, ఆస్పత్రిలో మా వంతు వచ్చేదాకా కూడా పనికొస్తోంది.

మామూలు వంటలో చాలావరకు కంటి అంచనాయే. ఇక్కడ పిండి 200 గ్రాములంటే 200. డిజిటల్ త్రాసు మీద ఆ అంకె రాగానే ఆపాలి. ఈ ఖచ్చితత్వం వాడికి భలే నప్పింది. ప్రతి పనికీ ఒక బొమ్మ కార్డు, అయ్యాక దాన్ని తిప్పేయాలి. నేర్పడం చివరి పనితో మొదలుపెట్టారు. మొదట్లో చల్లారిన కుకీలు డబ్బాలో సర్దడం ఒక్కటే వాడిది. తర్వాత దాని ముందు పని, ఆపై దానికీ ముందుది. అందుకని ప్రతిసారీ పని ముగించేది వాడే. సాయం కూడా మెల్లగా తగ్గించారు: చెయ్యి పట్టుకోవడం, మోచెయ్యి తాకడం, వేలితో చూపడం, చివరికి ఊరికే నిలబడటం. కొత్తగా చేరిన సహాయకులకు ఈ చివరిదే చేతకాదు. ఆలస్యమవుతోందని గిన్నె లాక్కుని తామే కలిపేస్తారు.

క్లాసువాళ్లు ఒకేసారి రెండు మిక్సర్లు తిప్పడం ఇంకా మానలేదు. ఆ మోతకి వాడి చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టి పంపుతున్నాం. జిగట పిండి చేతికంటితే మావాడికి ఒళ్లు జలదరిస్తుంది, దానికి మాత్రం అడగ్గానే గ్లౌజులిచ్చారు. ఇలాంటి పిల్లల్లో కొందరికి వేడి ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే ఓవెన్ గ్లౌజులు తొడుక్కోవడాన్ని కూడా ఒక కార్డుగా పెట్టారు, అది మంచి పని. పచ్చి పిండి రుచి చూడకూడదన్నది ఇప్పటికీ గొడవే.

అసలు లోపం వేరే ఉంది. అక్కడ వచ్చిన పని ఇంట్లో దానంతట అది రాదు. మా ఓవెన్‌కి బటన్లు కాదు, తిప్పే నాబ్‌లు. మొదటిసారి దాని ముందు అలాగే నిలబడిపోయాడు. మా వంటగది ఫోటోలతో మళ్లీ కార్డులు చేసుకుంటే గానీ కదల్లేదు. ఈ సంగతి చేరేటప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. ఇది నేర్చుకుంటే బేకరీలో ఉద్యోగం వస్తుందన్న మాట మీద కూడా నాకు నమ్మకం లేదు, బేకరీ హడావుడి వేరు.

చేర్చే ముందు గిన్నెలు ఎవరు తోముతారో అడగండి. ఇక్కడ పిల్లలే తోముతారు. మేం మానకపోవడానికి అదీ ఒక కారణం.