పెరట్లో జలపాతం: పంపుకి పదికి ఆరు, ప్యాకేజీకి మూడు, మేస్త్రి తాతకి పదికి పది

ముందే చెప్పేస్తాను. పెరట్లో చిన్న కొలను తవ్వించి దాని పక్కన జలపాతం కట్టించుకోవాలని ఉంటే శుభ్రంగా కట్టించుకోండి, బాగుంటుంది. కానీ "మొత్తం మేమే చూసుకుంటాం సార్, మీరు స్విచ్చి వేసుకోవడమే" అనే ప్యాకేజీకి మాత్రం డబ్బు కట్టకండి. నేను కట్టాను. రూ.48,000. పంపు, నీరు ఇంకిపోకుండా అడుగున పరిచే షీటు, రాళ్లు, కూలి అన్నీ అందులోనే అన్నారు. ఆ తర్వాత నా జేబులోంచి ఇంకో రూ.11,000 పోయాయి, నిజానికి నీళ్లు సరిగ్గా పారింది ఆ పదకొండు వేలతోనే.

మాది ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు మా పెరట్లో పక్కపక్కనే ఉన్న రెండు కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచి పడిపోయాయి. గజపతి జిల్లాలో ఆ తుపానుకి జనం పోగొట్టుకున్నదాంతో పోలిస్తే మాది నష్టమే కాదు, రెండు చెట్లు, అంతే. కానీ ఆ గొయ్యి అలాగే ఉండిపోయింది. కొన్నాళ్లు ఆకులు, కొన్నాళ్లు విరిగిన కుండీలు, చివరికి పాత వాషింగ్ మెషిన్ తొట్టె కూడా అందులోకే చేరింది. ఒకసారి పిల్లల్ని గండాహతి జలపాతానికి తీసుకెళ్లి వచ్చాక మా చిన్నది ఆ గొయ్యి ముందు నిలబడి "నాన్నా, ఇక్కడ గండాహతి పెడదాం" అంది. అదీ మొదలు.

ఇలాంటివి కట్టే ఒకాయన ఆన్‌లైన్‌లో దొరికాడు. పేరు, ఊరు రాయను, ఎందుకంటే మనిషి చెడ్డవాడేం కాదు, పని రాదంతే. వచ్చాడు, కొలిచాడు, ఫోన్‌లో కేరళ రిసార్టుల ఫోటోలు చూపించాడు. ఎనిమిది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, రెండు అడుగుల లోతు, కోడిగుడ్డు ఆకారంలో కొలను, అంటే సుమారు 2,000 లీటర్ల నీరు. కొలనులో నీటిమట్టం నుంచి నాలుగు అడుగుల ఎత్తున జలపాతం. తవ్విన మట్టినే గుట్టగా పోసి దాని మీద రాళ్లు పేర్చి సిమెంటుతో అతికారు. ఐదు రోజుల్లో పూర్తి. చూడ్డానికి బాగుందని ఒప్పుకుంటాను, రాళ్లు పేర్చడంలో ఆయన చేయి మంచిదే.

స్విచ్చి వేశాం. నీళ్లు రాతి అంచు దాకా వచ్చి, అక్కడ ఒక్క క్షణం ఆలోచించి, ముందుకు దూకకుండా రాతి అడుగునే పట్టుకుని వెనక్కి పాకి, గుట్టలోకి ఇంకిపోయాయి. మా అమ్మ మోడా వేసుకుని కూర్చుని చూస్తోంది. "ఇదేట్రా, ముక్కు కారుతున్నట్టుంది" అంది.

ఇక్కడ పంపు సంగతి చెప్పాలి, చాలామంది మోసపోయేది దీని దగ్గరే. డబ్బా మీద గంటకు 4,500 లీటర్లు, హెచ్-మ్యాక్స్ 3 మీటర్లు, 75 వాట్లు అని ఉంది. మొదటి రెండు అంకెలూ ఒకేసారి నిజం కావు. 4,500 అనేది ఎత్తు ఏమీ లేనప్పుడు, పైపు కూడా తగిలించనప్పుడు. 3 మీటర్లు అనేది ఇక చుక్క కూడా పైకి రాని ఎత్తు. మనకు కావలసింది ఆ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది, దాన్ని డబ్బా మీద ఎవరూ వేయరు. ఇంట్లో 20 లీటర్ల బకెట్ ఒకటి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. పైన పైపు చివర బకెట్ పెట్టి చూస్తే నిండడానికి 38 సెకన్లు పట్టింది, అంటే గంటకు 1,900 లీటర్ల లోపే. కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే "పంపు డిఫెక్టు సార్, కంపెనీకి రాయండి" అన్నాడు. డిఫెక్టు ఏమీ లేదు. ఆయన వేసింది ముప్పావు అంగుళం పైపు, పైగా మూడు ఎల్బోలు, అంటే పైపుని మలుపు తిప్పే ముక్కలు. ఎల్బోలు తీసేసి, వంగే గొట్టం అంగుళంపావుది వేశాక అదే బకెట్, అదే పంపు, 27 సెకన్లు. గంటకు 2,600 దాటింది. పైపు మార్చడానికి అయిన ఖర్చు రూ.900.

అయినా సరిపోలేదు, ఎందుకంటే నీరు పడే అంచు 12 అంగుళాల వెడల్పు పెట్టాడు. నీళ్లు తెరలా పడాలంటే అంచు ఒక్కో అంగుళానికి గంటకు కనీసం 400 లీటర్లు కావాలి. పన్నెండు అంగుళాలకి లెక్క వేసుకోండి, దాదాపు 4,800. మన పంపు ఇచ్చేది 2,600. అంటే పెద్ద పంపైనా కొనాలి, అంచైనా తగ్గించుకోవాలి. పెద్ద పంపు కొంటే నెలనెలా కరెంటు బిల్లు, కాబట్టి అంచుని ఆరు అంగుళాలకి తగ్గించాం. ఈ కూడికలు, తీసివేతలు పని మొదలుపెట్టే ముందే కాంట్రాక్టరు చేయాల్సినవి.

కానీ అసలు జబ్బు వేరే ఉంది. రోజూ పొద్దున చూస్తే కొలనులో నీరు మూడు అంగుళాలు తగ్గిపోయేది. ఈ సైజు కొలనుకి అది 260 లీటర్ల పైమాటే. కాంట్రాక్టరు "ఎండకి ఆవిరైపోతుంది సార్" అన్నాడు. ఇది పుష్యమాసంలో మాట, రాత్రి దుప్పటి కప్పుకుని పడుకుంటున్నాం, ఏ ఎండకి ఆవిరైనట్టు? అప్పుడు ఒక పని చేశాను, మీరూ చేయండి. పంపు ఆపి, పైన ఉన్న నీరంతా కిందికి దిగేదాకా అరగంట ఆగి, షీటు మీద పర్మనెంట్ మార్కర్‌తో గీత గీశాను. మర్నాడు అదే వేళకి చూస్తే అర వేలు కూడా తగ్గలేదు. అంటే కొలనుకి చిల్లు లేదు, పంపు నడిచినప్పుడే పోతోంది, పోయేది జలపాతం దగ్గర. గీత గీయకుండా ఉంటే కొలను మొత్తం తవ్విపోసేవాణ్ణి.

మా నాన్నగారి కాలం నుంచి మా ఇంటి పనులు చేసే తాపీమేస్త్రి ఒకాయన ఉన్నాడు, పాతపట్నం మనిషి, డెబ్బై దాటాయి, ఇప్పుడు పనికి పోవడం లేదు. పిలిస్తే మనవడి బండి వెనక కూర్చుని వచ్చాడు. గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి, చేతికర్రతో పొడిచి, సిమెంటు బీటలో వేలుగోరు పెట్టి చూశాడు.

"ఏటి బాబూ ఇది? వదులు మట్టి మీద సిమెంటు పూసేసి నీరు వదిల్తే ఆగుతాదేటి? మట్టి దిగిపోద్ది, సిమెంటు దిగదు, పగుల్తాది."

"మరి ఏం చేద్దాం తాతా?"

"గుట్ట ఇప్పేద్దాం."

విప్పేశాం. రెండు రోజుల పని. సంగతేంటంటే కాంట్రాక్టరు షీటుని కొలను వరకే వేసి ఆపేశాడు, జలపాతం కింద షీటే లేదు. సిమెంటు ఉందిగా అనుకున్నాడు. సిమెంటు నీటిని ఆపే వస్తువు కాదండీ, రాళ్లని పట్టుకునే వస్తువు. మట్టిని పొరలు పొరలుగా తడిపి దిమ్మిసతో గట్టిగా కొట్టి, దాని మీద పై నుంచి కింది దాకా షీటు పరిచి, రెండు పక్కలా అరడుగు పైకి మడిచి కాలువలా చేశాం. కింది కొస కొలను షీటు మీదికి వచ్చేలా వేశాం, పెంకుటింటి కప్పులో పై పెంకు కింది పెంకు మీదికి వస్తుందే, అలాగన్నమాట. కొలను షీటు పైకి, జలపాతం షీటు కిందికి వేస్తే మళ్లీ కథ మొదటికే.

షీటు గురించి ఒక మాట. దీనికోసం గార్డెన్ షాపుల్లో వెతకొద్దు. చేపల చెరువులకి, పొలంలో నీటి గుంటలకి వేసే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు వ్యవసాయ సామాను అమ్మే కొట్లలో దొరుకుతుంది, 500 మైక్రాన్లది తీసుకోండి, దాని మీద ఐఎస్ 15351 అనే ప్రమాణం నంబరు ఉందో లేదో చూసుకోండి. ఎంత కావాలంటే, పొడవుకి రెండు లోతులు కలిపి పైన రెండు అడుగులు వేసుకోవాలి, వెడల్పుకీ అంతే. మా కొలనుకి పద్నాలుగు అడుగులు, పన్నెండు అడుగులు. ప్యాకేజీ ఆయన కొలనుకి వేసిన షీటు మంచిదే, అబద్ధం చెప్పకూడదు, అందుకే మూడు మార్కులైనా వేశాను.

ఇప్పుడు ఆ వెనక్కి పాకే నీరు. ఇంటర్నెట్‌లో చూసి అక్రిలిక్ అంచు తెప్పిద్దామా, స్టీలుది చేయిద్దామా అని నేను టెన్షన్ పడుతుంటే తాత మా వంటింటి కిటికీ మీది సన్‌షేడు వైపు కర్ర చూపించాడు. "దాని అడుగున గాడి ఎందుకు తీస్తామో తెల్సా బాబూ? వాన నీరు ఎనక్కి పాకి గోడ తడపకుండా. ఇదీ అదే." కడప రాయి పలక ఒకటి తెప్పించి, అంచు నుంచి అంగుళం లోపలికి, అడుగు వైపున, కటింగ్ మెషిన్‌తో అర అంగుళం లోతు గాడి తీయించాడు. పలకని రెండు అంగుళాలు ముందుకి చాపి, కాస్త ముందుకి వాలేలా కూర్చోబెట్టాడు. పలక కింద, పక్కల సందుల్లో తలుపు చట్రాలకి కొట్టే ఫోమ్ కొట్టి, ఎండ తగిలితే అది పాడైపోతుంది కాబట్టి దాని మీద ఇసుక, గులకరాళ్లు అద్దాం. స్విచ్చి వేశాం. నీరు అంచు దాకా వచ్చి, గాడి దగ్గర తెగి, కిందికి దూకింది. ఆరు అంగుళాల వెడల్పున అద్దంలా. తాత ఏమీ అనలేదు, బీడీ ముట్టించుకున్నాడు. ఆయన కూలి అడగలేదు, నేనే రూ.3,000 చేతిలో పెట్టి, పంచె ఒకటి ఇచ్చాను.

రాళ్ల విషయంలో జాగ్రత్త. మన కొండల్లో ఎర్రగా, తుప్పు మరకలతో దొరికే రాయి ఖొండలైట్, ఇక్కడి ఖోండు తెగవాళ్ల పేరు మీదే దానికి ఆ పేరు వచ్చింది, కోణార్క గుడిలో వాడింది కూడా అదే. చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ ఎండకీ వానకీ బాగా మెత్తబడిన రాయి అయితే తడికి పొరలు రాలుతుంది, ఆ పొడి వెళ్లి పంపులో చేరుతుంది. మావాటిలో రెండు అలాగే తీసేయాల్సి వచ్చింది. గోరుతో గీకితే రాలేది తీసుకోకండి.

చేపలు. ప్యాకేజీలో "ఇరవై గప్పీలు ఫ్రీ". సిమెంటు ఆరిన రెండో రోజే వదిలారు, మర్నాటికి పద్దెనిమిది తేలాయి. కొత్త సిమెంటులోంచి సున్నం నీటిలోకి దిగుతుంది, ఆ ఘాటుకి చేపలు బతకవు. మా చిన్నది ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత నింపడం, నాలుగు రోజులు ఉంచడం, తోడి పారబోయడం మూడుసార్లు చేసి, నీటిలో ఆ ఘాటు ఎంతుందో చూపే పీహెచ్ స్ట్రిప్ అక్వేరియం షాపులో దొరుకుతుంది, దాంతో చూసుకుని మళ్లీ వదిలాం. ఇప్పుడు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు.

అసలు దోమ పిల్లల్ని తినే ఆ గప్పీలు లేకపోతే మా అమ్మ కొలను ఉండనిచ్చేది కాదు. "దోమల్ని పెంచుతావేట్రా ఇంట్లో" అని మొదటి రోజు నుంచీ ఒకటే పోరు. ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. ఒడిశాలో మారుమూల ఊళ్లలో మలేరియాని పట్టడానికే 2017లో దమన్ అని ప్రత్యేకంగా కార్యక్రమం పెట్టారు, ఇక్కడ జ్వరం అంటే ముందు రక్తపరీక్షే. కాంట్రాక్టరు ఏమో "పారే నీటిలో దోమలు గుడ్లు పెట్టవమ్మా" అని నమ్మబలికాడు. అది సగం నిజం. జోరుగా దూకే చోట పెట్టవు, కానీ మన కొండవాగుల అంచుల్లో మెల్లగా కదిలే శుభ్రమైన నీటిలోనే పెరిగే మలేరియా దోమ ఒకటి ఉంది, అనాఫిలిస్ ఫ్లువియాటిలిస్ అంటారు. మా కొలనులో మూలలు కూడా అలాంటి చోట్లే. అందుకే అంచుల్లో గడ్డి పెరగనివ్వకుండా, గప్పీలు మూలమూలకీ వెళ్లేలా ఉంచుతున్నాం.

కరెంటు గురించి సీరియస్‌గా చెబుతున్నాను. పంపుకి వచ్చిన వైరు పొట్టిది, ప్యాకేజీ వాళ్ల కుర్రాడు దాన్ని ఇంకో వైరుతో కలిపి నల్ల టేపు చుట్టి కొలను గట్టు మట్టిలో పాతేశాడు. మా బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనంతట తనే పడిపోయే స్విచ్చి, ఉండబట్టి మొదటి వానకే అది పడిపోయి మాకు తెలిసింది. లేకపోతే నీళ్లలో చేతులు పెట్టి ఆడేది పిల్లలు. ఈ ఒక్కదానికి ఆయనతో గట్టిగానే మాట్లాడాను. జాయింటు లేని వైరు వేసుకోండి, ఆర్‌సీసీబీ, ఎర్తు లేని ఇంట్లో నీటిలో పంపు పెట్టకండి.

బిల్లు పెద్దగా ఏం లేదు. రోజంతా నడిపితే 1.8 యూనిట్లు, మేము పొద్దున మూడు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు వేస్తాం, నెలకి 16 యూనిట్లు అవుతుంది. పంపుని అడుగున కాకుండా ఇటుక మీద పెట్టి, చుట్టూ ప్లాస్టిక్ బుట్ట బోర్లించాం, కొబ్బరి పీచు లోపలికి పోకుండా. రెండు వారాలకోసారి విప్పి లోపలి చక్రం కడిగితే చాలు, పది నిమిషాల పని. పంపుకి ఆరు మార్కులు అందుకే, చప్పుడు లేదు, వేడెక్కదు, డబ్బా మీద అంకెలు తప్ప దాంట్లో వంక పెట్టడానికి లేదు.

కాంట్రాక్టరు మొన్న ఫోన్ చేశాడు, వీడియో తీసి పంపండి సార్, పేజీలో పెట్టుకుంటాం అని. పంపలేదు. ఇక చప్పుడు అంటారా, అచ్చం ఓవర్‌హెడ్ ట్యాంకు పొర్లినట్టే ఉంటుంది. పక్కింటి పిన్నిగారు రెండుసార్లు వచ్చి కళ్లారా చూసి వెళ్లారు, అయినా రాత్రి ఎనిమిదయ్యేసరికి గోడ మీంచి కేక వేస్తారు, "బాబూ, మీ ట్యాంకు నిండిపోయింది, మోటారు కట్టేయండి" అని.