పోర్చుగీసు బీఏ: మూడేళ్ళు చదివి, ఏడేళ్ళు వాడాక

సీట్లు, ఫీజులు, సిలబస్ సంగతి ఎవర్నడిగినా చెప్తారు. నేను చెప్పబోయేది ఒకే ఒక్క క్రియారూపం గురించి. నవ్వకండి. ఢిల్లీలో మూడేళ్ళు పోర్చుగీసు ఆనర్స్ చదివి, ఏడేళ్ళుగా హైదరాబాద్‌లో దాంతోనే జీతం తెచ్చుకుంటున్నా. ఆ చదువులో నాకు అచ్చంగా మిగిలింది అదే.

మొదటి ఏడాదంతా ఏడుపే. మేస్త్రి, బాల్చీ, తువ్వాలు, అల్మరా, అనాస అన్నీ వాళ్ళ మాటలే కదా, సగం భాష వచ్చేసినట్టే అని చేరేముందు ఊళ్ళో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ అయిదు మాటలూ మొదటి వారంలోనే అయిపోయాయి. లిస్బన్ వాళ్ళ ఆడియో పెడితే అచ్చులు మింగేసి హల్లులు మాత్రం ఉమ్ముతున్నట్టుండేది. మాట చివర అచ్చు లేకపోతే తోచని నోరు మనది. పైగా తాతకీ అమ్మమ్మకీ తేడా 'అవో'లో ఆ 'ఓ'ని ఎంత నోరు తెరిచి పలుకుతామన్నదే. ఒ, ఓ అని పొడవులో తేడా మనకి తెలుసు గానీ వెడల్పులో తెలీదు. మౌఖిక పరీక్షలో మా తాతయ్య గురించి అయిదు నిమిషాలు చెప్పాను. లింగాలు ఎటూ తప్పుతూనే ఉన్నాయి. "మీ అమ్మమ్మకి అంత పెద్ద మీసాలా?" అన్నారు మేడమ్.

మూడో సెమిస్టర్లో ఓ మధ్యాహ్నం, భోజనాలయ్యాక క్లాసు. సగం మంది కునుకుతున్నారు. మేడమ్ బోర్డు మీద 'వియేరావ్' అని రాశారు. 'వాళ్ళు వచ్చారు' అని, జరిగిపోయిన సంగతి. చివరి రెండక్షరాలూ అరచేత్తో చెరిపేశారు. 'వియేర్' మిగిలింది. "ఇప్పుడిది రేపటి మాట" అన్నారు. 'క్వాందు ఎలె వియేర్' అంటే అతను వచ్చినప్పుడు. ఇంకా రాలేదు, రేపో ఎల్లుండో వస్తాడు. ఫ్యూచర్ సబ్జంక్టివ్ అంటారు దీన్ని. స్పానిష్‌లో చట్టాల్లోనూ సామెతల్లోనూ తప్ప దాదాపు చచ్చిపోయింది, వీళ్ళ దగ్గర మాత్రం రోజువారీ మాటల్లో బతికే ఉంది. నిన్నటి ముక్కతో రేపటి సంగతి చెప్పడమేంటని నా పక్కవాడు చిరాకు పడుతున్నాడు. నాకు నిద్ర ఎగిరిపోయింది. 'రేపు నువ్వు వచ్చినప్పుడు ఇస్తాలే' అంటాం. రేపేమిటి, 'వచ్చిన' ఏమిటి? మాటలొచ్చిన దగ్గర్నుంచీ అంటున్నాను, ఒక్కసారీ తట్టలేదు.

ఆవిడ ఇంకోటి రాశారు: 'వేన్య కెయ్ వియేర్'. క్లాసంతా ఇంగ్లీషులో కుస్తీ పడుతుంటే నా నోట్లోంచి తెలుగు వచ్చేసింది: 'ఎవరొస్తే వాళ్ళు రానీ'. మా అమ్మమ్మ మాట అది. సంక్రాంతికి పెద్ద బేసిన్లో పులిహోర కలుపుతుంటే, ఎంతమందికే అని తాతయ్య అడిగితే తలెత్తకుండా ఆ మాటే అనేది. 'సేజ ఉ కె ఫోర్' అంటే 'ఏదైతే అది కానీ'. 'కుస్తె ఉ కె కుస్తార్' అంటే 'ఎంతైతే అంత కానీ'. వెనకనుంచి ముందుకి చదువుకుంటే 'అయితే'కి 'అయితే', 'కానీ'కి 'కానీ' కూర్చుంటాయి. అక్కణ్నుంచి వ్యాకరణం పేపర్లో ఆ ప్రశ్న కోసమే ఎదురుచూసేవాణ్ణి. (హిందీవాళ్ళకీ 'జో హో సో హో' ఉందనుకోండి. అప్పట్లో ఒప్పుకోలేదు.)

సాహిత్యం ఆ తర్వాతే కాస్త ఒంటబట్టింది. 1572లో అచ్చయిన పోర్చుగల్ కవి కమోయిష్ కావ్యం 'లుజీయదష్' పది సర్గలు, 1,102 పద్యాలు. వాస్కో డ గామా ఓడ ఎక్కి ఆరు సర్గలు తిరిగితే గానీ కాలికట్ రాలేదు. నేను మాత్రం మొదట్నుంచీ రేవులో నిలబడి చూస్తున్నట్టే చదివాను. క్లాసులో ఆ వైపు నుంచి ఎవరూ మాట్లాడకపోవడం ఇప్పటికీ మింగుడుపడదు. బ్రెజిల్ రచయిత మషాదు ద అసీస్ 1881 నాటి నవల వేరే సంగతి. చచ్చిపోయినవాడు తాపీగా తన కథ చెప్పుకుంటాడు, 160 బుల్లి బుల్లి అధ్యాయాలు. నిఘంటువు మూసేసి నేను చదివిన మొదటి పుస్తకం అది.

ఉద్యోగంలో అంతా బ్రెజిల్ వాళ్ళు. వాళ్ళ పొద్దున్న తొమ్మిది మనకి సాయంత్రం అయిదున్నర. నేను నేర్చుకున్నదేమో పోర్చుగల్ యాస. రైలుని 'కొంబోయు' అంటే బ్రెజిల్లో వాహనాల బారు అనుకుంటారు. అలాంటివి పది రోజుల్లో సర్దుకున్నాయి. గుచ్చుకుంది మాత్రం నా ముద్దుల రూపం దగ్గరే. 'నేను చూస్తే' అనడానికి పుస్తకం ప్రకారం 'సె ఎవ్ వీర్'. అక్కడ చాలామంది నోట్లో అది 'సె ఎవ్ వేర్' అయిపోయింది. 'వీర్' అంటే 'రావడం' కూడా కాబట్టి నేనలా అన్నప్పుడల్లా అవతల ఆవిడ ఓ క్షణం ఆగేది. ఓ రోజు "నువ్వు రిజిస్ట్రారాఫీసు కాగితంలా మాట్లాడతావు" అనేసింది. ఇప్పుడు కాల్లో నేనూ 'వేర్' అనే అంటున్నా. మెయిల్లో మాత్రం 'వీర్' అని రాస్తాను. చూస్తే, ఆవిడా అలాగే రాస్తోంది.

చేరమంటావా అని అడుగుతారు. మా నాన్నకి పెన్షన్ ఉంది, హాస్టల్ చవక, అప్పు చెయ్యలేదు. అందుకే మొదటి ఏడాది తట్టుకున్నాను. లోన్ తీసి చేరతానంటే నేను ఊ అనను. ఉద్యోగం కోసమే అయితే, నేను చూసినంతలో స్పానిష్‌కే ఖాళీలు ఎక్కువ. రాత్రి రెండున్నరకి ఇంటికొచ్చి అన్నం తినడం ఒంటికి పడుతుందో లేదో కూడా చూసుకోవాలి. నాకు మూడేళ్ళు పడింది, ఇప్పుడు గ్యాస్ మాత్రలు వేసుకుంటున్నా.

మా అమ్మయితే ఇప్పటికీ సంబంధాల వాళ్ళకి, అబ్బాయి ఫ్రెంచి చదివాడనే చెప్తోంది.