ఆపేయడమా, లాగడమా, దారి మార్చడమా: ఏది మేలు?

పెద్ద పరిశోధన ప్రాజెక్టును ఎప్పుడు ఆపాలి అంటే నాకు మన యుద్ధ విమానం కోసం మొదలుపెట్టిన కావేరీ ఇంజన్ దారే మేలనిపిస్తుంది, కాకపోతే అక్కడా చాలా ఆలస్యం చేశారు.

అమెరికా వాళ్లు టెక్సాస్‌లో 87 కిలోమీటర్ల చుట్టుకొలతతో సూపర్ కొలైడర్ (అణువుకన్నా చిన్న కణాలను ఢీకొట్టించి చూసే యంత్రం) మొదలుపెట్టారు. 440 కోట్ల డాలర్లన్న అంచనా 1,100 కోట్లు దాటేసరికి 1993 అక్టోబరులో కాంగ్రెస్ నిధులు ఆపేసింది. అప్పటికే సుమారు 200 కోట్లు ఖర్చయ్యాయి, ఇరవై కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వేశారు. డబ్బు మిగిలిందంటే మిగిలింది గానీ దాంతో వెతుకుదామనుకున్న హిగ్స్ బోసాన్ అనే కణం 2012లో యూరప్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో దొరికింది.

జపాన్‌ది దీనికి పూర్తిగా ఉల్టా. మోంజు అణు రియాక్టర్‌లో 1995 డిసెంబరులో దాన్ని చల్లబరిచే సోడియం లీకై మంటలొచ్చాయి, పైగా ఆ ప్రమాదం మీద తీసిన వీడియోలో కొంత దాచిపెట్టారని బయటపడింది. అక్కడే జనం నమ్మకం పోయింది. అయినా ఆపలేదు. 2010 మేలో మళ్లీ నడిపితే ఆగస్టులో మూడు టన్నులకు పైగా బరువున్న యంత్రం రియాక్టర్‌లోనే పడిపోయింది. చివరికి 2016 డిసెంబరులో మూసేయాలని నిర్ణయించారు. లక్ష కోట్ల యెన్లకు పైగా పోస్తే అది నడిచింది మొత్తం మీద 250 రోజులు, విప్పడానికేమో ఇంకో ముప్పై ఏళ్ల పని! మన రాయలసీమలో బోరు వేసేటప్పుడు "ఇంత లోతు పోయాం కదా, ఇంకో వంద అడుగులు చూద్దాం" అంటూ అప్పు మీద అప్పు చేసే బాధే ఇదీ. ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడే ఆగి లెక్క చూసుకోవాలి.

కావేరీని 1989లో తేజస్ యుద్ధ విమానం కోసం మంజూరు చేశారు. కావలసినంత థ్రస్ట్ (విమానాన్ని ముందుకు తోసే బలం) రాలేదు, బరువేమో ఎక్కువైంది. 2008లో తేజస్ నుంచి విడదీశారు కానీ పని మానేయలేదు, ఆ ఇంజన్‌నే పైలట్ లేని విమానం కోసం మలుస్తూ వచ్చారు. దానికి బ్లేడ్ల పనిలో చేయి వేసిన హైదరాబాద్ డీఎంఆర్‌ఎల్ (రక్షణ శాఖ లోహాల ల్యాబు) 2021లో హెలికాప్టర్ ఇంజన్ కోసం సింగిల్ క్రిస్టల్ (లోహమంతా ఒకే స్ఫటికంగా పోతపోసిన) బ్లేడ్లు తయారుచేసి ఇచ్చింది. మనుషులు, ల్యాబులు, చేతికొచ్చిన విద్య చెదిరిపోకుండా, అందని లక్ష్యాన్ని మాత్రం వదిలేయడం అంటే ఇదే. నేను దీనికే ఓటేస్తాను.

అయితే తేజస్ మొదటిసారి ఎగిరిందే 2001 జనవరిలో, అదీ అమెరికా ఇంజన్‌తో. అప్పుడే విడదీసి ఉంటే ఏడేళ్లు కలిసొచ్చేవి.